మొగ దగ్గర ఎర్రగుడ్డ

1961వ సంవత్సరం కార్తీకమాసంలో జరిగిన సంగతి ఇది. వానలు వెనకబట్టి వారం అయింది, ఏటిలో బురదనీరు మాత్రం ఇంకా దిగలేదు. మా గురువు కూర్మారావు గారు దీన్ని మాకు చెప్పింది ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత, ఒక వేసవి మధ్యాహ్నం. తనంతట తాను చెప్పలేదు. లోకనాథం ఒక ప్రశ్న అడిగాడు, దానికి జవాబుగా చెప్పారు.

ఆయన అలవాటు అది. ఇది తప్పు, ఇది ఒప్పు అని తేల్చి చెప్పేవారు కాదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక సంగతి తీసి మా ముందు పెట్టేవారు. దాన్ని ఏం చేసుకోవాలో మా ఇష్టం. ఆ రోజు మేము ఐదారుగురం ఆయన పాక ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాం. మాలో సగం మంది ఆయన రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళమే కాబట్టి ఆ ఇంట్లో ఏ పనైనా మా పనే అనుకునేవాళ్ళం.

లోకనాథం పక్క ఊరి పంచాయతీలో మెంబరు. మంచివాడు, కొంచెం తొందర మనిషి.

"గురువుగారూ, మా ఊరి అసిరమ్మకి సన్మానం చేద్దామనుకుంటున్నామండీ. పూడిపోయిన కాలువని ముప్ఫై మంది ఆడవాళ్ళని వెంటేసుకుని రెండు వేసవులు తవ్వింది. ఇవాళ మా ఊళ్ళో రెండో పంట పండుతోందంటే ఆవిడ వల్లే" అన్నాడు.

"చెయ్యండి" అన్నారు గురువుగారు.

"ఆవిడ వద్దంటోంది."

"అయితే మానెయ్యండి."

"అదేంటండీ! అంత పని చేసిన మనిషిని ఊరు గౌరవించకపోతే ఊరికే కదా సిగ్గు? పైగా ఆవిడ వద్దన్న కొద్దీ మాకు ఇంకా గౌరవం పెరుగుతోంది. బతిమాలో బలవంతపెట్టో వేదిక ఎక్కిస్తే తప్పంటారా?"

గురువుగారు చేతిలో ఉన్న చింతపండు రెబ్బను పూర్తిగా శుభ్రం చేసి పళ్ళెంలో వేశాకే నోరు విప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆయనకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఇసకలపేట అనే చేపలవాళ్ళ ఊళ్ళో ఒంటి పంతులు బడికి ఆయనే పంతులు. పేటకు దక్షిణంగా ఏరు సముద్రంలో కలుస్తుంది. ఏరు కలిసే ఆ నోటిని అక్కడ మొగ అంటారు. నావలన్నీ మొగలోంచే సముద్రంలోకి వెళ్ళాలి, మొగలోంచే లోపలికి రావాలి. మొగ అడుగున ఇసుక నిలకడగా ఉండదు. నిన్న లోతుగా ఉన్నచోట ఇవాళ మోకాలు బంటి ఉంటుంది. ఇసుకమేట మీద కెరటం విరుగుతుంది, లోతున్న చోట విరగదు. ఒడ్డున ఎత్తు మీద నిలబడ్డ మనిషికి ఆ తేడా కనబడుతుంది. సముద్రం మీంచి వచ్చే నావకు కెరటాల వీపులు తప్ప ఏమీ కనబడదు. నమ్మకం లేనివాళ్ళు ఒకసారి వెళ్ళి చూసుకోవచ్చు.

కొర్లమ్మ ఆ మొగ పక్కన ఇసుకదిబ్బ మీద చేపలు ఎండబెట్టుకునే మనిషి. అప్పటికి యాభై దాటాయి. కాకుల్ని తోలడానికి పొడవాటి వెదురుకర్రకు ఒక ఎర్రచీర ముక్క కట్టుకుంది. రోజంతా దిబ్బ మీదే ఉండేది కాబట్టి ఏ పూట నావలు పట్టే లోతుదారి ఎటు జరిగిందో ఆమెకు తెలిసేది. ఒక రోజు ఒక నావ మేట మీదకు పోబోతుంటే చూడలేక కర్ర ఊపి కేకలేసింది. వాళ్ళు తప్పుకున్నారు. మర్నాడు ఇంకో నావ ఆమె కోసం చూసింది. అలా మొదలైంది.

క్రమంగా దానికొక పద్ధతి ఏర్పడింది. కర్ర కింద పెట్టేస్తే లోపలికి రావద్దు, బయటే ఆగమని. ఎటు వాలిస్తే అటు జరగమని. దారికి సరిగ్గా ఎదురుగా వెళ్ళి కర్ర నిట్టనిలువుగా నిలబెడితే, ముక్కుసూటిగా దాని మీదకే వచ్చెయ్యమని. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆమె ఆ పని చేస్తోంది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ మానమనలేదు.

తవుడు అని ఒక నావ పెద్ద ఉండేవాడు. మహా వాగుడుకాయ. ఒడ్డు ఎక్కగానే కొర్లమ్మను అక్కవరసన 'అప్పా' అని పిలిచి ఆటపట్టించకపోతే అతనికి ముద్ద దిగేది కాదు.

"ఏటప్పా, ఆ పాతచీర ఊపతావుంటే ఎవలో తగువుకి పిలుస్తన్నట్టుంటాది. ఒక మంచి గుడ్డ కట్టుకోరాదా?"

"నీ మొకానికి ఇదే ఎక్కువ. కళ్ళు తెరిసి రారా ముందు."

"కళ్ళెందుకప్పా? నీ ఎర్రగుడ్డ ఎటుంటే నా నావ అటే. నాను కళ్ళు మూసీసుకునే వొచ్చెస్తాను."

ఆ మాట విని అందరూ నవ్వేవారు. కొర్లమ్మ మాత్రం నవ్వేది కాదు, కర్రతో కొట్టబోయేది.

ముందు ఏడాది గాలివానలో ఒకే పూట పదకొండు నావలను ఆమె లోపలికి తెచ్చింది. కర్ర పట్టుకుని దిబ్బ మీద నిలబడలేక మోకాళ్ళ మీద కూర్చుని తెచ్చింది. కూర్మారావు గారు అది కళ్ళారా చూశారు. చూసి ఊరుకోలేకపోయారు. జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి ఆ వైపు పర్యటనకు వస్తున్నారని తెలిసి ఆయనకు ఉత్తరం రాశారు. ఇలాంటి స్త్రీని గుర్తించకపోతే మన చదువులెందుకు అని రాశారు. తమరే స్వయంగా వచ్చి సన్మానిస్తే బాగుంటుందని రాశారు. అధికారి ఒప్పుకున్నారు.

"ఆ ఉత్తరంలో నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఆమె మీద నాకున్న గౌరవంలో కల్తీ లేదు" అన్నారు గురువుగారు. ఈ మాట ఆయన రెండుసార్లు అన్నారు.

కబురు చెప్పడానికి కొర్లమ్మ దగ్గరకు ఆయనే వెళ్ళారు. ఆమె చేపలు తిరగేస్తోంది.

"నాకెందుకు బాబూ సన్మానం? వొద్దు" అంది.

"నీకు కాదమ్మా, నీ పనికి."

"పనికైతే ఇద్దరు ఆడపిల్లల్ని నా పక్కనెట్టండి. నేర్పెస్తాను. సందేళయితే నా కన్ను మసకేస్తన్నాది మేస్టరూ. కుడికన్ను మరీని."

మేస్టరు నవ్వారు. ఎంత గొప్ప మనిషి, తన కోసం ఏమీ అడగడం లేదు అనుకున్నారు. ఇంటికి వచ్చి సన్మానపత్రంలో 'నిరాడంబరురాలు' అనే మాట చేర్చారు. ఆడపిల్లల సంగతి కులపెద్ద ఎర్రయ్యతో అందామనుకున్నారు గానీ, పందిరి పనుల్లో మరిచిపోయారు.

కొర్లమ్మ చివరికి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. ఆ రోజు తాను దిబ్బ మీద ఉండదు కాబట్టి ఒక్క నావ కూడా సముద్రంలోకి వెళ్ళకూడదు. ఎర్రయ్య పేటంతా చాటింపు వేయించాడు. అంతవరకు సక్రమంగానే ఉంది.

పందిరి మొగ దగ్గర వెయ్యలేదు. అక్కడ ఇసుకలో జీపు దిగబడిపోతుంది. మొగకు ఉత్తరంగా, ఫర్లాంగు దూరంలో నేల గట్టిగా ఉన్నచోట వేశారు. తాటాకు పందిరి, మామిడి తోరణాలు, రంగుకాగితాలు. అన్నీ అయ్యాక మేస్టరుకు ఇంకా ఏదో వెలితి అనిపించింది. అప్పుడొక ఆలోచన వచ్చింది. తెల్లవారగానే దిబ్బ మీదకు వెళ్ళి, కొర్లమ్మ వెదురుకర్రను ఎర్రగుడ్డతో సహా తెచ్చారు. పందిరి మధ్యనున్న ఎత్తైన రాటకు దాన్ని నిట్టనిలువుగా కట్టించారు. కొత్త కొబ్బరితాడు తెప్పించి, గాలికి ఊడకుండా మూడుచోట్ల తానే ముడులేశారు. ఊరంతా తలెత్తి చూసింది. జెండా పండగలా ఉందన్నారు. ఆ రోజు చేసిన ఏర్పాట్లన్నిటిలో ఆయనకు అదే బాగా నచ్చింది.

కొర్లమ్మ తలంటుకుని కొత్త నేతచీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళు నలుగురు చేతులు పట్టుకుని నడిపిస్తున్నారు. పందిరి దగ్గరకు రాగానే ఆగిపోయింది.

"ఆ కర్ర అక్కడెవలెట్టినారు? దించీండి."

"నీ గౌరవానికే అమ్మా" అన్నారు మేస్టరు.

"దించీండి బాబూ. అక్కడుండకూడదు."

"ఓలమ్మ, సిగ్గు సూడండి! పెళ్ళిపీటల మీద కూడా ఇంత సిగ్గు పడుండదు" అంది వెనకనుంచి ఒక ఆవిడ. అందరూ గొల్లుమన్నారు. కొర్లమ్మ ఇంకేదో చెప్పబోయింది. ఈలోగా జీపు వచ్చింది, డప్పులు అందుకున్నాయి. ఆమె పెదవులు కదలడం మేస్టరుకు కనబడింది. మాట వినబడలేదు. ఏమన్నావని ఆయన అడగలేదు.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టాక, హారతి ఇచ్చేదాకా ఆ మనిషి లేవకూడదు. లేస్తే ఊరికి అరిష్టం. పెళ్ళికూతురికైనా అంతే, పూనకం వచ్చిన మనిషికైనా అంతే. కొర్లమ్మను పీట మీద కూర్చోబెట్టారు. జనం పేట వైపు ఉన్నారు కనుక ఆమెను జనానికి ఎదురుగా, సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళలో పగటిపూట ఆమె సముద్రానికి వీపు పెట్టడం అదే మొదటిసారి. ఈ సంగతి మేస్టరుకు తరవాత తట్టింది.

ఆమె పక్కనున్న ఎర్రయ్యను అడిగింది.

"ఇయాల ఏ నావా ఎల్నేదు కదా?"

"నేదు" అన్నాడు ఎర్రయ్య.

వెళ్ళింది. ఒక్కటి వెళ్ళింది. అంత పెద్ద అధికారి మొదటిసారి పేటకు వస్తే ఎండుచేపల కూర పెట్టి పంపుతామా అని ఎర్రయ్యే పంపించాడు. తెల్లవారకముందే పోయి ఒక వల వేసుకుని, పొద్దెక్కకుండా వచ్చెయ్యమన్నాడు. వెళ్ళింది తవుడు నావ. కొర్లమ్మప్ప పండగకి మనం మంచి చేప తేకపోతే ఎలా అని తవుడు సంతోషంగానే వెళ్ళాడు. ఎర్రయ్య ఆ పూట అబద్ధమాడింది చెడ్డబుద్ధితో కాదు. నిజం చెబితే ఆమె పీట మీద కూర్చోదు. వచ్చిన పెద్దమనిషి ముందు పేట పరువు పోతుంది. అంతే అతను ఆలోచించింది. ఎర్రయ్య కట్టుకున్న పంచె కూడా ఆ రోజు కోసం అరువు తెచ్చుకున్నదే.

అధికారి మాట్లాడారు. మంచిగానే మాట్లాడారు. బంగారురంగు శాలువా కప్పారు. తరవాత మేస్టరు సన్మానపత్రం అందుకుని చదవడం మొదలుపెట్టారు. అది రెండు పేజీలు. పన్నెండేళ్ళలో ఎన్ని నావలు, ఎన్ని ప్రాణాలు, ఆ గాలివాన పూట పదకొండు నావలు. ఆయన గొంతు బాగుండేది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

కొర్లమ్మ ఆ చదువు వినడం లేదు. ఆమె జనం మొహాలు చూస్తోంది. వెనకవరసలో నిలబడ్డ ఒక ముసలాయన కళ్ళు ఆమెను దాటి దూరంగా పోయాయి. అతని పక్కవాడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక ఆడమనిషి లేచి నిలబడింది. ఆమె తవుడు పెళ్ళాం.

కొర్లమ్మ పీట మీద నుంచే వెనక్కి తిరిగింది. నావ కెరటాలకు అవతల ఉంది. మొగ వైపు రావడం లేదు. ఎర్రగుడ్డ నిట్టనిలువుగా ఉన్నచోటికి, పందిరి మీదకి, ముక్కుసూటిగా వస్తోంది. వాళ్ళకు ఎదురుగా, నీళ్ళ కింద, పేటలో పిల్లలకు కూడా తెలిసిన పెద్ద మేట ఉంది. కానీ మేటలు కదులుతాయి. కొర్లమ్మ కర్ర అక్కడ నిలబడిందంటే, పండగ రోజైనా తన నావ కోసం వచ్చి నిలబెట్టిందనీ, దారి అక్కడికి మారిందనీ తవుడు అనుకుంటాడు.

"గుడ్డ దించండి!" అని అరిచి ఆమె లేచింది.

"హారతి! హారతి కాలేదు!" అని ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు పట్టుకున్నారు. వాళ్ళను ఆమె తోసేసింది. మేస్టరు కాగితాలు పారేసి రాట ఎక్కారు. మొదటి ముడి గోళ్ళతో పీకి ఊడదీశారు. రెండోది రాలేదు. కొత్తతాడు, పైగా బలంగా వేసిన ముడి. కింద ఎవరో కత్తి కోసం పరిగెత్తారు. కొంతమంది రాటనే ఊపడం మొదలుపెట్టారు. దాంతో ఎర్రగుడ్డ ఇంకా బాగా ఎగిరింది.

కొర్లమ్మ దాని కోసం ఆగలేదు. మొగ వైపు పరిగెత్తింది. ఆ బరువు చీరలో, మెడలో రెండు దండలతో ఫర్లాంగు దూరం పరిగెత్తి, దారికి ఎదురుగా నిలబడి, భుజం మీద శాలువా లాగి రెండు చేతులతో ఊపింది. ఎంత ఊపాలో అంతా ఊపింది. పసుపుపచ్చ గుడ్డ ఊపే మనిషిని తవుడు ఎప్పుడూ చూసి ఉండడు. పండగ రోజు ఎవరో సంబరంగా పిలుస్తున్నారని అనుకున్నాడేమో. అతను ఎర్రగుడ్డనే చూసుకుంటూ వచ్చాడు.

కత్తి వచ్చింది. తాడు తెగింది. అప్పటికి నావ మేట మీద అడ్డం తిరిగింది. తరవాతి కెరటం దాన్ని బోర్లా తిప్పింది.

గురువుగారు ఇక్కడ ఆగి కాసిని మంచినీళ్ళు తాగారు.

నాలుగో రోజు ఆయన దిబ్బ మీదకు వెళ్ళారు. కొర్లమ్మ అక్కడే ఉంది. చేతిలో అదే కర్ర, ఒంటి మీద పాతచీర. సముద్రం మీద మూడు నావలు ఉన్నాయి. ఎవరికి ఏమైనా పొయ్యి వెలిగించాలి కదా. మేస్టరు వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డారు. ఆమె ఆయన వైపు చూడలేదు. కళ్ళు నీళ్ళ మీదే ఉంచి మాట్లాడింది.

"నాను వొద్దన్నాను మేస్టరూ. దించీమన్నాను. సిగ్గుపడి కాదు."

అంతే అంది. ఆ తరవాత ఆమె ఆయనను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆయన ఎదురుచూశారు. ఎర్రయ్య కులపెద్దరికం వదులుకున్నాడు. ఆ నెలలోనే పేటవాళ్ళు ఇద్దరు ఆడపిల్లల్ని ఆమె పక్కన నిలబెట్టారు. బడి అయ్యాక మేస్టరు కూడా వెళ్ళి, ఆ పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్నారు. ఎక్కడ కెరటం విరుగుతుందో, ఎక్కడ విరగదో పోల్చుకోవడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. పిల్లలకు ఆరు నెలలే పట్టింది.

ఇదీ గురువుగారు చెప్పిన సంగతి.

చింతపండు పని ఎప్పుడో ఆగిపోయింది. గురువుగారు లోకనాథం వైపు తిరిగారు.

"మీ అసిరమ్మ వద్దంది, సరే. ఆ తరవాత ఏమంది?"

"ఏదో అందండీ. కాలువ మొదట్లో నీళ్ళు ఆపే తలుపు తుప్పు పట్టిందనో ఏదో. మేము నవ్వేసి..." అని మధ్యలో ఆపేశాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా, ఇంత ఎండలో?"

"వెళ్ళి అడుగుతానండీ. సరిగ్గా అడుగుతాను."

పాక దాటి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. మేమెవరమూ అడగలేకపోయిన మాట అతను అడిగాడు.

"గురువుగారూ, ఆ నావలో వాళ్ళు?"

"నలుగురు ఎక్కారు. ఇద్దరు ఈదుకొచ్చారు. తవుడు మూడో రోజు దొరికాడు. అతని తమ్ముడు సూరన్న దొరకలేదు" అన్నారు గురువుగారు.